‘సెట్’ - ‘పెట్టు’: అర్థగణనమును గూర్చి ఒక విమర్శ

ఇంగ్లీషు భాషలో మిక్కిలి యర్థములు గల పదము ‘సెట్’ అను మాట మన కళాశాలలలో తఱచుగా వినబడుచుండును. అధ్యాపకులు దానిని విద్యార్థులకు ఆశ్చర్యము గొలుపుటకై చెప్పుదురు. విద్యార్థులు పోటీపరీక్షలకై కంఠస్థము చేయుదురు. అంతటితో ఆగినచో చింత లేదు. కాని ఈ మాట వెంట మఱియొక మాట చెప్పకయే చెప్పినట్లు వచ్చుచున్నది. మూడక్షరముల చిన్న క్రియకు నాలుగువందలకు మించిన అర్థములున్న భాష యెక్కడ, మన భాష యెక్కడ అని! ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాస ప్రణాళికయందు, తెలుగు క్రియలకు అర్థవిస్తృతి కొఱవడినందుననే మన అనువాదములు కుంటుచున్నవని, నిరూపణ మక్కఱలేని విషయమువలె వ్రాసియుండగా నేను చూచితిని. ఆ వాక్యమును కొట్టివేయుట సులభము. అది నిలిచియున్న లెక్క ఎట్లు పుట్టినదో తెలిసికొనుట మేలని తోచినది.

ఈ లెక్కకు మూలము ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు. లండనులోని ఫిలలాజికల్ సొసైటీ 1857లో తలపెట్టిన ఈ మహాకార్యమునకు 1879లో జేమ్స్ మరే సంపాదకుడయ్యెను. తొలి భాగము 1884లో వెలువడెను. మరే 1915లో గతించెను. గ్రంథము 1928లో గాని ముగియలేదు. ‘ఎస్’ అక్షరపు తొలిభాగము హెన్రీ బ్రాడ్లీ పాలబడుటచే ‘సెట్’ క్రియను విభజించు శ్రమ ఆయన వంతైనది. 1989లో ఇరువది సంపుటములుగా వచ్చిన ద్వితీయ ముద్రణమునందు ఈ క్రియ యొక్కటియే 430కి పైబడిన అర్థములతో, సుమారు 60,000 పదముల వివరణముతో, గ్రంథమంతటిలో దీర్ఘతమమైన ఆరోపముగా నిలిచెను. మన తరగతులలో వినబడు సంఖ్య ఇదియే.

తరువాతి కథ మన దాక చేరినట్లు లేదు. తృతీయ ముద్రణమునకై సంస్కరణము సాగుచుండగా 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ వరుసగా ‘సెట్’ను మించినవి. ‘రన్’ క్రియకు సంపాదకులు చూపిన అర్థములు 645. దానిని సవరించుటకు పీటర్ గిల్లివర్ అను సంపాదకునకు తొమ్మిది నెలలు పట్టినది. ఈ నడుమ ఇంగ్లీషువారు ‘సెట్’ను వాడుట మానలేదు, ‘రన్’కు వందలకొలది క్రొత్త యర్థములను కల్పింపనూ లేదు. నిఘంటుకారుని కత్తి పదునెక్కినది, అంతియే. పాత కొలతతో కొలిచిన చేనిని క్రొత్త కొలతతో కొలిచిన చేనితో పోల్చి ఇది పెద్ద, అది చిన్న అన్నట్లున్నది. విద్యార్థుల చేతిలోని చిన్న నిఘంటువులను చూచినచో ఇదే ‘సెట్’కు అర్థములు కొన్ని పదులకు మించవు. ఒకే పదము ఒకచోట పదులలోను, ఒకచోట వందలలోను అర్థములు కలదగుచున్నది. కావున ఆ సంఖ్య పదమునకు చెందిన గుణము కాదు. విభాగము చేసినవాని అవసరమునకు, ఓపికకు, వద్దనున్న ఉదాహరణపత్రముల రాశికి చెందినది.

ఇంతమాత్రముననే ‘సెట్’ వైశాల్యము కల్ల యని నా యభిప్రాయము కాదు. ఆ వైశాల్యము నిజమైనదే, దానికి కారణములున్నవి. ప్రాచీనాంగ్లమున ‘సెట్టాన్’ అనునది ‘కూర్చుండు’ అనునర్థము గల ‘సిట్టాన్’కు ప్రేరణరూపము. మూలార్థము కూర్చుండబెట్టుట యన్నమాట. ఏ వస్తువునైనను దాని కుదిరిన చోట, కుదిరిన స్థితిలో నెలకొల్పుట యనునది దీనినుండి విస్తరించినది. గడియారమును సెట్ చేయుదురు, విఱిగిన యెముకను సెట్ చేయుదురు, ఉచ్చును, అచ్చక్షరములను, ప్రశ్నపత్రమును, గీతమునకు సంగీతమును సెట్ చేయుదురు. ఇంతవఱకు సకర్మకము. తరువాత ఈ ప్రేరణక్రియయే తిరిగి అకర్మకమైనది. సూర్యుడు సెట్ అగును, సిమెంటు సెట్ అగును, అతుకుకొన్న యెముకయు సెట్ అగును. చేయించు క్రియయు, తనంత జరుగు క్రియయు ఒకే రూపమున నిలుచుట ఇంగ్లీషు క్రియలకు సహజము. తెలుగున అది చెల్లదు. మనము గట్టిపడుటను, గట్టిపఱచుటను వేఱుగా పలుకవలసినదే. వారికి ఒక ఆరోపమైనది మనకు రెండగుచున్నది. ఇట్టిచోట వారి లెక్క పెరుగుట, మన లెక్క తఱుగుట వ్యాకరణనిర్మాణమువలన కలిగినవే గాని భావసంపదవలన కలిగినవి కావు.

మఱియొకటి. టీసెట్, చదరంగపు సెట్ మొదలగువానిలోని నామవాచకము ఈ క్రియకు పుట్టిన బిడ్డ కాదు. అది లాటినున శాఖను, అనుయాయివర్గమును తెలుపు ‘సెక్టా’నుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారమున ‘సెట్’గా మాఱి ఇంగ్లీషులో ప్రవేశించి, క్రియతో రూపసామ్యముచే కలిసిపోయినది. ఇప్పటి వక్తకు టీసెట్ అనగా అమర్చిపెట్టిన పాత్రలే. వ్యుత్పత్తి వేఱైనను భాషకుల బుద్ధిలో శబ్దమొకటియే. భర్తృహరి వాక్యపదీయమున చర్చించిన ఏకశబ్దదర్శనము, అనేకశబ్దదర్శనము అను రెండు దృష్టులు ఇచట మనకు మిక్కిలి అక్కఱకు వచ్చును. ఒకే శబ్దము అనేకార్థములను పొందునని ఒక మతము. అర్థము వేఱైన చోటనెల్ల శబ్దమును వేఱే, రూపము మాత్రమే సమానమని మఱియొక మతము. ఈ రెండవ మతమును పాటించినచో అధికార్థములు గల పదము అను మాటయే పుట్టదు. తెలుగువారికి దీనికి ఇంటనే నిదర్శనమున్నది. సినిమా సెట్టులోని ‘సెట్’, లాసెట్, ఐసెట్ అను ప్రవేశపరీక్షల పేళ్ల చివర నున్న ‘సెట్’ మన వ్రాతలో అక్షరమైనను భేదింపవు. రెండవది మూడు ఇంగ్లీషు మాటల తొలి యక్షరముల కూర్పు. ఇంగ్లీషున వ్రాత భిన్నము. మన లిపిలో మాత్రము అవి కవలలు. భావితరపు తెలుగు నిఘంటుకారుడు వీనిని ఒక ఆరోపముగా వ్రాయునో రెండుగా వ్రాయునో గాని, ఆయన నిర్ణయమునుబట్టి లెక్క మాఱుట మాత్రము తథ్యము.

ఇక ఇంగ్లీషు ‘సెట్’కు మనవారు చూపు సమానార్థకముల సంగతి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులలో ఇట్టి పదము క్రింద పెట్టు, ఉంచు, నిలుపు, అమర్చు, పొదుగు, నాటు, కూర్చు, పన్ను, క్రుంకు, పేరుకొను అని వరుసగా కానవచ్చును. విద్యార్థి వీనిని అర్థములని గ్రహించును. ఇవి అర్థములు కావు, ప్రతినిధులు. ఉచ్చు విషయమున మనము పన్నుదుము; అచ్చక్షరములను కూర్చుదుము; వెల కట్టుదుము; ముహూర్తము పెట్టుదుము; తెఱచాప ఎత్తుదుము; నెయ్యి పేరుకొనును; సిమెంటు బిగియును. ఇంగ్లీషువాడు పులుపుచే పండ్లు అంచుపై సెట్ అయినవనును, మనకు పండ్లు పులియును. ఇన్ని తెలుగు క్రియలు కావలసివచ్చుటను చూచి ‘సెట్’కు ఇన్ని యర్థములని యనుకొనుట, పొరుగువాని చొక్కాకు మన యింటి బొత్తాములను లెక్కించుట వంటిది. వ్యత్యస్తముగా చూచినను ఇదియే. మన ‘పొదుగు’ రత్నములను బంగారమున పొదుగును. కోడి గ్రుడ్లను పొదుగును. చిత్రమేమనగా ఇంగ్లీషు ‘సెట్’ కూడ ఈ రెండు చోట్లను చెల్లును. రత్నమును సెట్ చేయుదురు. పొదుగు కోడిని ‘సెట్టింగ్ హెన్’ అందురు. సంబంధము లేని రెండు భాషలు వెచ్చగా, కుదురుగా ఇముడ్చుట యను నొక భావమువద్ద కలిసికొనినవి. ఇట్టి కలయికలు నాకు నాలుగువందల సంఖ్యకన్న ఎక్కువ ముచ్చట గొలుపును.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తును. ‘సెట్’ ఆరోపము అంత పొడవగుటకు ప్రధాన కారణము, నా దృష్టిలో, ఇంగ్లీషు వాక్యమున పదములు నిలుచు క్రమము. సెట్ అప్, సెట్ ఆఫ్, సెట్ అవుట్, సెట్ ఇన్, సెట్ ఎబౌట్, సెట్ ఎసైడ్ మొదలగువాని యందు క్రియ ముందు, విశేషకము వెనుక. ఒక్కొక్కటి మరల పెక్కు తెఱగుల వాడబడును. నిఘంటువు అకారాదిక్రమము గలది; తొలి యక్షరమును చూచును. కావున ఇవియన్నియు ‘సెట్’ గొడుగు క్రిందనే చేరును. అనువాదపత్రములు దిద్దుచు ఒకమాఱు, తెల్లవారగనే బయలుదేఱినాడను వాక్యమునందలి ‘సెట్ అవుట్’ను ఒక విద్యార్థి ‘తెల్లవారగనే బయట పెట్టెను’ అని తెలిగించుట చూచితిని. ఏమి పెట్టెనో చెప్పలేదు. నవ్వు వచ్చిన మాట నిజమే గాని, తప్పు బాలునిది మాత్రమే కాదు. ‘సెట్ అవుట్’ అనునది స్వతంత్రపదమని, ‘సెట్’కు ఒక అర్థము కాదని మనము వానికి బోధింపలేదు.

క్రమమే కారణమనుటకు జర్మను భాష సాక్షి. ‘సెట్’కు సోదరపదము జర్మనున ‘జెట్‌సెన్’. అచటను విశేషకములతో కూడిన రూపములు మెండు. కాని జర్మనున తుమున్నంతరూపమందు విశేషకము క్రియకు ముందు అతుకును. స్థిరపఱచుటను తెలుపు ‘ఫెస్ట్‌జెట్‌సెన్’, అనువదించుటను తెలుపు ‘ఊబర్‌జెట్‌సెన్’ అకారాదిక్రమమున వేఱువేఱు అక్షరముల క్రిందికి పోవును. కుటుంబము చెదరినది, పెద్దకొడుకు ఇల్లు చిన్నదిగా కనబడును. ఒక్క తల్లి పిల్లలే, ఒకే జీవనశక్తి. ఐనను జర్మనువానికి ఇంతటి దీర్ఘమైన ఆరోపము వ్రాయ నక్కఱలేదు.

సంస్కృతనిఘంటువులతో పరిచయమున్న వారికి దూరము పోనక్కఱయు లేదు. ఆప్టే తన నిఘంటువున ఉపసర్గలతో కూడిన క్రియలను ధాతువు క్రిందనే చూపెను. మోనియర్ విలియమ్స్ వానిని ఉపసర్గ మొదటి యక్షరమునుబట్టి వేఱువేఱు తావుల చూపెను. ‘హృ’ ధాతువును ఆప్టేలో చూచిన వానికి అది సముద్రము. మోనియర్ విలియమ్స్‌లో చూచిన వానికి చెఱువు. ఆహార విహార సంహార పరిహారములు ఆ ధాతువుకు చెందినవని మన విద్యార్థులందఱు నెఱుగుదురు. భాష ఒకటి, ధాతువొకటి, సంపద ఒకటి. గ్రంథరచనాక్రమము మాఱినంతనే పేద ధనికుడు, ధనికుడు పేద అగుచున్నారు.

ఇక తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. సమాసక్రియయందును అది వెనుకటి యవయవమే. ఇంగ్లీషు ‘సెట్’తో పోల్చదగిన మన క్రియ ‘పెట్టు’. దీని సంసారమును చూడుడు. అన్నము పెట్టు, పేరు పెట్టు, బొట్టు పెట్టు, ఒట్టు పెట్టు, దండము పెట్టు, ముద్దు పెట్టు, వాత పెట్టు, వంక పెట్టు, పోరు పెట్టు, చిచ్చు పెట్టు, కేక పెట్టు, కన్నీరు పెట్టు, పరుగు పెట్టు, గ్రుడ్డు పెట్టు, అంగడి పెట్టు, తాకట్టు పెట్టు, పందెము పెట్టు, తద్దినము పెట్టు, మనసు పెట్టు. ఆవకాయ పెట్టుట యను మాటలో ముక్కలు తఱుగుట మొదలు జాడీకి వాసెన కట్టుట వఱకు గల పనియంతయు ఇమిడియున్నది. దానిని ఉంచుట యని యనువదించువాడు ఆవకాయ నెఱుగడు. వట్టి ‘పెట్టు’ అనినను, కర్మపదము లేకయే, అన్నము పెట్టుట యని, దానము చేయుట యని తెలుగువాడు గ్రహించును. పెట్టుపోతలు, పెట్టిపుట్టుట అను మాటలు ఇందుండి పుట్టినవే. పూర్వజన్మమున ఒకరికి పెట్టినవాడే ఈ జన్మమున అనుభవించునను విశ్వాసమంతయు ఒక క్రియలో కూర్చున్నది. ఇంగ్లీషు ‘సెట్’ ఇన్నూఱు దారుల నడచియు ఈ గడప త్రొక్కలేదు. కృత్రిమమైన దంతములకు మనము పెట్టుడుపండ్లందుము. ఇంగ్లీషువాడు వానినే ఒక ‘సెట్’ అనును. అతని ‘సెట్’ లాటిను సెక్టా సంతతి, మన ‘పెట్టు’ దేశ్యక్రియ. వృద్ధుని నోట మాత్రము రెండును కలిసినవి.

‘పెట్టు’ ఇతరక్రియలతో కూడుట వేఱొక ప్రకరణము. ఎండబెట్టు, ఆఱబెట్టు, ఉడుకబెట్టు, ఊఱబెట్టు, తగులబెట్టు, నిలబెట్టు, కూర్చుండబెట్టు - వీనియందు అది ప్రేరణము. తుమున్నర్థకము ద్రుతప్రకృతికము గనుక పరుషమునకు సరళ మాదేశమై ‘బెట్టు’ అగుచున్నది. చేసిపెట్టు, వ్రాసిపెట్టు, తెచ్చిపెట్టు అను చోట్ల క్త్వార్థకము కళ గనుక పకారము నిలిచినది, అర్థమును మాఱినది. ఇతరుని మేలుకై చేయుట యను భావము వచ్చినది. దాచిపెట్టు, విడిచిపెట్టు అను చోట్ల ఆ మేలును లేదు. పని ముగిసి నిలిచెనను భావమే యున్నది. భయపెట్టు, కష్టపెట్టు, ఇబ్బందిపెట్టు అనునవి భయపడు, కష్టపడు, ఇబ్బందిపడు అనువానికి జంటలు. ఇంగ్లీషు ‘సెట్’ సకర్మకాకర్మకములను రెంటిని ఒంటిగా మోయుచుండగా, మనకు ఆ బరువును ‘పెట్టు’, ‘పడు’ పంచుకొనినవి.

ఇవి నిఘంటువులలో ఎచటనున్నవి? భయపెట్టు భకారమున, ఎండబెట్టు ఎకారమున, విడిచిపెట్టు వకారమున. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మొదలు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము, 1936 నుండి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వఱకు అన్నియు అకారాదిక్రమము గలవే. అది దోషము కాదు, వెదకువానికి సౌకర్యము. కాని ‘పెట్టు’ అను తావున చూచి దాని యాస్తిని లెక్కించువాడు, ఊరూర పొలములున్న రైతునకు పెరటిలోని భూమి మాత్రమే కలదని వ్రాసికొను కరణము వంటివాడు.

ఇచట ఒక యాక్షేపమునకు తావున్నది. పేరు పెట్టు, భయపెట్టు మొదలగునవి సమాసములు. వానియర్థము పూర్వపదమునుండి వచ్చుచున్నది. వానిని ‘పెట్టు’ యొక్క అర్థములుగా లెక్కింపరాదందురు. కొంతవఱకు అంగీకరింపవలసినదే. కేక పెట్టు, కేక వేయు అనునవి తుల్యములగుటచే అచట క్రియ దాదాపు రిక్తమైనదని యొప్పుకొనక తప్పదు. ఇంగ్లీషు విశేషకములు కొలదియే. మన పూర్వపదములు అసంఖ్యములు. ఈ భేదమును పాటింపవలెను. కాని ఈ న్యాయమును ‘సెట్’ పట్ల కూడ పాటింపుడు. గడియారమునకు, ఎముకకు, ఉచ్చునకు సెట్ చేయుట వేఱు వేఱర్థములనునప్పుడు ఆ భేదము కర్మపదమునుండి కాక మఱెచటనుండి వచ్చినది? భర్తృహరి చెప్పిన అర్థనిర్ణాయకములలో సంసర్గమును, ప్రకరణమును, శబ్దాంతరసన్నిధియు ఉన్నవి. వీని కార్యమును వారి పదమునకు లాభముగను, మన పదమునకు నష్టముగను వ్రాయుట లెక్క కాదు, పక్షపాతము.

మనకు ఈ పోలిక తోపకపోవుటకు మన సంప్రదాయముకూడ కొంత కారణము. అమరకోశ నానార్థవర్గమున ‘హరి’ శబ్దమునకు యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహము, కిరణము, గుఱ్ఱము, చిలుక, పాము, కోతి, కప్ప అను పదుమూడు అర్థములు, విశేషణముగా కపిలవర్ణము పదునాలుగవది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమున కూడ నానార్థవర్గము కలదు. ఇవి ప్రధానముగ నామముల లెక్కలు. క్రియలు కోశములకు ఎక్కలేదు. ధాతువులు అనేకార్థకములని వైయాకరణు లంగీకరించిరి గాని ఆ యనేకమును విప్పి చూపు పని కోశకారునిది కాదని విడిచిరి. ‘హరి’ బహ్వర్థత వేఱు, ‘పెట్టు’ బహ్వర్థత వేఱు. చిలుకకును కప్పకును నడుమ ఆకుపచ్చ తప్ప వారధి లేదు. అన్నము పెట్టుటనుండి తద్దినము పెట్టుటకు నడచిపోవచ్చును.

‘రన్’ను గూర్చి రెండు మాటలు. నది పాఱును, ముక్కు కాఱును, సినిమా ఆడును, వ్యాపారము నడచును. ఇంగ్లీషున ఇవియన్నియు ‘రన్’. ఎన్నికలలో అమెరికావాడు రన్ చేయును, ఇంగ్లండువాడు స్టాండ్ అగును, మనవాడును నిలబడును. ఒకే భాషలో ఒకరికి పరుగైనది మఱియొకరికి నిలుకడ యగుచుండగా, ఈ అర్థము ‘రన్’ అను పదమునకు సహజసంపద యని గర్వించుటకు ఏమియు లేదు. ఈ పోలికను ఇంతకన్న సాగదీయ నవసరము లేదు.

నేడు మన ప్రాచీననిఘంటువులు పెక్కు అంతర్జాలమున చేరినవి. పదమును చివరనుండి వెదకు సౌకర్యము యంత్రము కల్పించుచున్నది. ‘పెట్టు’ అని వెదకువాడు ‘బెట్టు’ అని కూడ వెదకవలెను. లేనిచో ప్రేరణరూపములన్నియు జాఱిపోవును. నామముతో కూడినవి, తుమున్నర్థకముతో కూడినవి, క్త్వార్థకముతో కూడినవి అని మూడు రాశులుగా పోసి, ప్రతిదానికి మాండలికప్రయోగమును చేర్చుట ఒక పరిశోధకునకు తగిన పని. గొడ్డలిపెట్టు అనుచోట దెబ్బను తెలుపు ‘పెట్టు’ ఈ క్రియయే యని ఏకశబ్దవాది సమర్థింపవలెను, కాదని యనేకశబ్దవాది వేఱొక ఆరోపము వ్రాయవలెను. పక్షమేదైనను ముందుగా ప్రకటించి లెక్క మొదలిడవలెను.

‘పడు’ క్రియ విషయమున పని మఱింత కలదు. ఇంగ్లీషున సూర్యుడు సెట్ అగునని చెప్పితిమి. మన సూర్యుడు క్రుంకును, అస్తమించును. నేటి తెలుగున ‘పడు’ అను క్రియ సూర్యునియెడ చెల్లదు. కాని తమిళమున అస్తమించు సూర్యుని ‘పడుఞాయిఱు’ అందురు. కన్నడమున పడమటిదిక్కు ‘పడువణ’. మన ‘పడమర’ ఆ క్రియనుండి కలిగినదే. సూర్యుడు పడు దిక్కు అది. ఆ యర్థమును మన నిఘంటువున ‘పడు’ క్రింద వెదకువానికి చిక్కదు. అది నాలుగు పుటల ఈవల, దిక్కు పేరై, వేఱొక ఆరోపమున నున్నది.